ఇల్లు ఎప్పుడు అమ్మాలి: వైశాఖమా, శ్రావణమా, కార్తీకమా?

"ఎండాకాలంలో పెట్టమంటారా, దసరా దాకా ఆగమంటారా?" ఇల్లు అమ్మాలనుకున్న ప్రతివాళ్లూ ఎవరో ఒకరిని అడిగే ప్రశ్నే ఇది. ఏజెంటును ఏ నెలలో అడిగినా "ఇప్పుడే మంచి టైము సార్" అంటాడు. పంతులుగారు పంచాంగం తీస్తారు. ఆడిటరు మార్చి దాటనివ్వండి అంటారు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. చిక్కంతా ఒకటే, ముగ్గురూ మూడు వేర్వేరు తేదీల గురించి మాట్లాడుతున్నారు.

కొనేవాళ్లు వచ్చి చూసి వెళ్లే రోజులు వేరు. బయానా తీసుకుని అగ్రిమెంట్ రాసుకునే రోజు వేరు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసి ఫొటో దిగే రోజు వేరు. కొనేవాళ్లకు వీటన్నిటి తర్వాత ఇంకొకటుంది, పాలు పొంగించే రోజు. వాళ్ల ఆలోచన అక్కడి నుంచే మొదలవుతుంది. కాబట్టి అమ్మేవాళ్లు కూడా కొనేవాళ్లు ఏ నెలలో గృహప్రవేశం చేస్తారో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. ఏ నెలలో రిజిస్ట్రేషన్ కావాలన్నది ముందు తేలితే, ఏ నెలలో బోర్డు పెట్టాలన్నది దానంతట అదే తేలుతుంది.

ఉదాహరణకు మే రెండో వారంలో రిజిస్ట్రేషన్ కావాలనుకుందాం. కొనే మనిషి లోన్‌కి వెళ్తే లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, శాంక్షన్ అన్నీ కలిపి నెల పడుతుంది, డాక్యుమెంట్లలో ఏదైనా కొర్రీ పడితే ఇంకా ఎక్కువ. అంటే మార్చి ఆఖరుకు అగ్రిమెంట్ అయిపోవాలి. మీరనుకున్న రేటు దగ్గర ఒక మనిషి గట్టిగా నిలబడాలంటే అంతకుముందు నెల, నెలన్నర ఇల్లు చూపించాలి. కాబట్టి ఫిబ్రవరి మొదట్లో ఫొటోలు బయటికి వెళ్లాలి. రంగులు, లీకేజీలు, ఈసీ (ఇంటిమీద తాకట్లు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), పన్ను రసీదులు, అసోసియేషన్ నుంచి బాకీ లేదన్న కాగితం... ఇవన్నీ జనవరి పనులు. చాలామంది ఏప్రిల్‌లో ఎండ ముదిరాక మేల్కొని ఇల్లు అమ్మకానికి పెడతారు. బేరం తెగేసరికి జూన్ వస్తుంది, వెనకే ఆషాఢం వస్తుంది. అప్పుడు మార్కెట్ డల్‌గా ఉందని అనుకుంటారు. నిజానికి మార్కెట్ రెండు నెలల ముందే వచ్చి వెళ్లిపోయింది.

మీ ఇంటిమీదే లోన్ ఉంటే ఈ లెక్కకు ఇంకో నెల కలపండి. లోన్ పూర్తిగా తీర్చిన 30 రోజుల్లో బ్యాంకు అసలు డాక్యుమెంట్లు తిరిగి ఇచ్చేయాలని, ఆలస్యం తమ వల్ల అయితే రోజుకు 5,000 రూపాయలు కట్టాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. నియమం మంచిదే. కాకపోతే ఆ 30 రోజులు కూడా మీ క్యాలెండర్‌లోంచే పోతాయి.

ఒక్కో కాలానికి ఒక్కో లెక్క

మాఘ ఫాల్గుణాలు, అంటే సుమారు జనవరి చివరి నుంచి మార్చి నడిమి దాకా, నా లెక్కలో ఇల్లు చూపించడానికి ఏడాదిలో అన్నిటికంటే మంచి రోజులు. ధనుర్మాసం, పుష్యం అయిపోయి ఆగిన బేరాలన్నీ ఒక్కసారి కదులుతాయి. వాతావరణం హాయిగా ఉంటుంది, మిట్టమధ్యాహ్నం వచ్చినా ఇల్లు చల్లగా కనబడుతుంది. పిల్లల స్కూలు మార్చాలనుకునేవాళ్లు అడ్మిషన్ల కోసం ఏ ఏరియాకు మారాలో తేల్చుకునేదీ అప్పుడే. మార్చి 31 లోపు లోన్లు ఇచ్చేయాలన్న టార్గెట్‌తో చాలా బ్యాంకు బ్రాంచీల్లో ఫైళ్లు కాస్త చురుగ్గా కదులుతాయి. ఒక్కటే ఇబ్బంది, మౌఢ్యం, అంటే ముహూర్తాలు పెట్టని మూఢం రోజులు. 2026 సంగతే చూడండి: నవంబరు ఆఖరులో మొదలైన శుక్ర మౌఢ్యం ఫిబ్రవరి 17 దాకా సాగింది, మాఘమాసం మొత్తం ముహూర్తాల్లేకుండానే పోయింది. అలాంటి ఏడాది మాఘంలో చూపించి ఫాల్గుణంలోనో వైశాఖంలోనో రిజిస్ట్రేషన్ పెట్టుకోవడం తప్ప దారి లేదు. అందుకే బోర్డు పెట్టే ముందు ఆ ఏటి పంచాంగంలో గురు, శుక్ర మౌఢ్యాలు ఎప్పుడున్నాయో ఒకసారి చూసుకోండి. మీకు నమ్మకం లేకపోవచ్చు, కొనేవాళ్ల అత్తగారికి ఉంటుంది.

చైత్ర వైశాఖాలు అసలైన సీజన్. పరీక్షలు అయిపోతాయి, ఉద్యోగులకు బోనస్, ఇంక్రిమెంట్ లెటర్లు చేతికొస్తాయి, జూన్‌లో స్కూళ్లు తెరిచేలోపు సామాను దించుకోవాలన్న తొందర ఉంటుంది. రాష్ట్ర సిలబస్ స్కూళ్లు మామూలుగా జూన్ 12కి తెరుస్తారు కాబట్టి మే నెలాఖరుకు చాలా ఇళ్లలో మకాం మారిపోవాలి. తొందరలో ఉన్న మనిషి లక్ష దగ్గర గీచిగీచి బేరమాడడు. ఇది అమ్మేవాళ్లకు కలిసొచ్చేది. కలిసిరానిది కూడా అదే, అమ్మేవాళ్లంతా అప్పుడే వస్తారు. పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో అదే సైజు, అదే ఫేసింగ్ ఫ్లాట్లు మూడు ఒకేసారి అమ్మకానికి ఉన్నాయంటే, కొనేవాళ్లు మూడింటినీ పక్కపక్కన పెట్టి మీ రేటు తగ్గిస్తారు. మీ బ్లాకులో ఇంకెవరైనా అమ్ముతున్నారా అన్నది వాచ్‌మన్‌ని ముందే అడిగి తెలుసుకోండి. ఉంటే, వాళ్లకంటే నెల ముందో, వాళ్లది అయిపోయాకో పెట్టడం మంచిది.

ఆషాఢం గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. ఆ నెలలో బయానా ఇవ్వరు, రిజిస్ట్రేషన్ చేసుకోరు, ఇల్లు మారరు అని అందరికీ తెలుసు. కానీ ఇళ్లు వెతకడం మానరు. ఆదివారం సాయంత్రం వర్షం వెలిశాక ముగ్గురు నలుగురు కలిసి కారులో తిరిగి చూసేది ఆ నెలలోనే, ఎందుకంటే శ్రావణం మొదటి శుక్రవారానికి చేతిలో ఒక నిర్ణయం ఉండాలి. ఆషాఢంలో బోర్డు తీసేసి శ్రావణంలో మళ్లీ పెట్టేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. ఆ నెల చూపించడానికి పెట్టుకోండి, సంతకాలు శ్రావణానికి వదిలేయండి. పైగా ఆషాఢంలో అడుగుతూ వచ్చే మనిషి సరదాకి చూసే మనిషి కాదు. అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సినవాడో, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినవాడో అయ్యుంటాడు. అధిక మాసం వచ్చిన ఏడాది ఈ లెక్క ముందుకు జరుగుతుంది. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. దాంతో ఆషాఢం జూలై నడిమికి జరిగి, శ్రావణం ఆగస్టు 13న గానీ మొదలవదు. మామూలు ఏడాది లెక్కతో జూలై చివర్లో రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంట్‌లో రాసుకుంటే ఆ తేదీ ఆషాఢంలో పడుతుంది.

శ్రావణం చిన్న సీజనే గానీ వాడిగా ఉంటుంది. నెల రోజుల్లో రెండు నెలల పని జరుగుతుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో మంచిరోజుల స్లాట్లు ముందే నిండిపోతాయి. భాద్రపదం వినాయక చవితితో మొదలై మహాలయ పక్షాలతో ముగుస్తుంది, ఆ రెండో సగంలో ఎవరూ పెద్దగా కదలరు. ఆ రోజుల్ని రంగులకు వాడుకోండి.

దసరా నుంచి కార్తీకం దాకా రెండో సీజన్. అపార్ట్‌మెంట్ ఫ్లాటుకు వేసవిదే పైచేయి అని ఒప్పుకుంటాను. కానీ చుట్టూ కాస్త జాగా, నాలుగు చెట్లు ఉన్న ఇండిపెండెంట్ ఇంటికి మాత్రం నేను కార్తీకానికే ఓటేస్తాను. వానలకు కడిగినట్టు చెట్లు పచ్చగా ఉంటాయి, బోరులో నీళ్లుంటాయి, వానలు తగ్గాక వేసిన రంగు గోడమీద నిలబడుతుంది. స్కూలు ఏడాది మధ్యలో ఉంటుంది కాబట్టి వెంటనే దిగాలన్న తొందర ఉన్నవాళ్లు తక్కువ. నిదానంగా, డబ్బు చేతిలో పెట్టుకుని చూసేవాళ్లు ఎక్కువ. బ్యాంకులు పండగ ఆఫర్ల పేరుతో ప్రాసెసింగ్ ఫీజు తగ్గించేదీ అప్పుడే. విజయదశమి రోజునే రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని కొందరు పట్టుబడతారు. ఆ రోజు ఆఫీసుకు సెలవని గుర్తుచేస్తే చాలు, అగ్రిమెంట్ దసరాకు, రిజిస్ట్రేషన్ కార్తీకానికి అని సర్దుకుంటారు.

ఇక డిసెంబరు 16 ప్రాంతాల నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. ఆ తర్వాత పుష్యం మిగిలిన రోజులు. సాధారణ ఇంటికి ఇది ఖాళీ కాలం. రెండు రకాల ఇళ్లకు మాత్రం కాదు, వాటి సంగతి కింద చెప్తాను.

ఇదంతా పంచాంగం చూసుకునే కొనుగోలుదారుల లెక్క. ముస్లిం కుటుంబాలు ఎక్కువగా కొనే ఏరియాలో ఆషాఢం అడ్డే కాదు. అక్కడ రంజాన్ నెలలో సాయంత్రాలు ఇల్లు చూడ్డానికి ఎవరూ రారన్నది చూసుకోవాలి. మీ వీధిలో ఎవరు కొంటారో మీకే బాగా తెలుసు.

మీ ఇంటికి ఏ కాలం బలం?

పంచాంగం అందరి ఇళ్లకూ ఒకటే. వాన, ఎండ మాత్రం ఒక్కో ఇంటికి ఒక్కోలా పనిచేస్తాయి. ఈ మాట ఏజెంట్లు చెప్పరు.

ఇల్లు కొనడంలో ఆరితేరిన మనిషి జూలైలో ఎలా చూస్తాడో గమనించండి. హాల్లో నిలబడి ఫాల్స్ సీలింగ్‌ని మెచ్చుకోడు. నేరుగా బాత్రూంలోకి వెళ్లి తల పైకెత్తి పై ఫ్లాటు పైపుల దగ్గర మరక ఉందా అని చూస్తాడు. బాల్కనీ పక్క గోడమీద అరచెయ్యి ఆనించి చెమ్మ ఉందా అని చూస్తాడు. వార్డ్‌రోబ్ తలుపు తీసి వాసన చూస్తాడు. కిందికి దిగాక సెల్లార్‌లో నీళ్లు నిలిచిన గీత గోడమీద ఎంత ఎత్తున ఉందో చూస్తాడు. అదే మనిషి ఏప్రిల్‌లో వస్తే ఇవేవీ చూడడు. సంపు మూత తీయించి నీళ్లు చూస్తాడు, మీరు వినకుండా వాచ్‌మన్‌ని పక్కకు పిలిచి "రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయి?" అని అడుగుతాడు. ఆ వాచ్‌మన్ నిజమే చెప్తాడు.

2024 వేసవిలో హైదరాబాద్ పడమటి వైపు చాలా చోట్ల బోర్లు ఎండిపోయి అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల మీద బతికాయి. అలాంటి చోట ఉన్న ఫ్లాటును ఏప్రిల్, మేలో చూపిస్తే నీళ్ల మాటతోనే బేరం మొదలవుతుంది. దాన్ని కార్తీకంలోనో మాఘంలోనో చూపించడం నయం. అదే మీ కాంప్లెక్స్‌కు మంజీరానో కృష్ణానో పైపులైను నీళ్లు సరిగ్గా వస్తుంటే మండువేసవే మీ సీజన్. పక్క కాంప్లెక్స్ ముందు ట్యాంకర్ల వరుస చూసి వచ్చినవాడికి మీ కుళాయి తిప్పి చూపిస్తే చాలు.

వాన విషయమూ అంతే. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో ఏయే కాలనీలు మునిగాయో జనం మరిచిపోలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ వైపు ముంచెత్తింది, ఖమ్మంలో మున్నేరు పొంగింది. ఆ ఏరియాల్లో ఇల్లున్నవాళ్లు వానాకాలంలో అమ్మకానికి పెడితే కొనేవాడు ముందు అడిగేది నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయనే. అక్కడ ఎండ మొదలయ్యాక పెట్టడం మేలు, కానీ అడిగినప్పుడు దాచకూడదు. మామూలుగా చూస్తే కనబడని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే కొనేవాడికి చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టంలోనే, 55వ సెక్షన్‌లో ఉంది. దీనికి మరో వైపు కూడా ఉంది. చుట్టుపక్కల అంతా మునిగినా మీ వీధి ఎత్తులో ఉండి నీళ్లు రాలేదంటే, పెద్ద వాన పడిన మర్నాడే కొనేవాళ్లను పిలవండి. అంతకు మించిన ప్రకటన ఉండదు.

హైదరాబాద్‌లో చెరువు దగ్గరి ఇళ్ల మాట ఇంకోటి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పాటై, ఆగస్టు నుంచి కూల్చివేతలు వార్తల్లోకి వచ్చాక, కొనేవాళ్లు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ కట్టడాలు కట్టకూడని జాగా) అనే మాటలు లేకుండా మాట్లాడటం లేదు. మీ సర్వే నంబరు వాటిలో లేదని చూపే మ్యాపు, పర్మిషన్ కాగితాలు ఫైల్లో లేకపోతే మాఘమైనా వైశాఖమైనా ఒకటే.

పై అంతస్తు, పడమటి ముఖం ఫ్లాటుంటే మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఎవరినీ రానివ్వకండి. ఉదయం పదిలోపు పిలవండి, లేదా ఆ ఇంటిని ఫిబ్రవరిలోనే చూపించేయండి. ఖాళీ స్థలానికైతే ఫిబ్రవరి, మార్చి నెలలు బాగుంటాయి. పిచ్చిచెట్లు ఎండిపోయి హద్దురాళ్లు కనబడతాయి, సర్వేయరు టేపు పట్టడానికి వీలవుతుంది.

మార్చి ఆఖరా, ఏప్రిల్ మొదలా?

పంచాంగం తర్వాత అమ్మేవాళ్లు చూడాల్సిన క్యాలెండర్ ఆదాయపు పన్నుది. అందరూ రేటు గురించి పదివేల దగ్గర వాదించుకుంటారు గానీ, పది రోజుల తేడాతో పోయే డబ్బు గురించి అడగరు.

కొని 24 నెలలు దాటాక అమ్మిన ఇంటి మీద లాభానికి 12.5 శాతం పన్ను. 24 నెలలు నిండకపోతే లాభం మొత్తం మీ ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పడుతుంది. అంటే 23వ నెలలో ఎంత మంచి రేటు వచ్చినా, రిజిస్ట్రేషన్ తేదీని గడువు దాటే దాకా జరపడమే లాభం. 2024 జూలై 23కి ముందు కొన్న ఇల్లైతే, ఇక్కడ నివాసం ఉంటున్న వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు ఇంకో దారి ఉంది. ద్రవ్యోల్బణ సూచీతో కొన్న ధరను పెంచుకుని, మిగిలిన లాభం మీద 20 శాతం కట్టొచ్చు. రెండిట్లో ఏది తక్కువైతే అది.

ఆ సూచీ ప్రతి ఏప్రిల్ 1న మారుతుంది. 2014-15లో 30 లక్షలకు కొన్న ఫ్లాటు పెద్దగా పెరగక 60 లక్షలకు అమ్ముడుపోయిందనుకుందాం. 12.5 శాతం దారిలో 3.75 లక్షల పన్ను. సూచీ దారిలో అయితే, 2014-15 సూచీ 240, 2024-25 సూచీ 363. కాబట్టి 2025 మార్చిలో అమ్మితే కొన్న ధర 45.37 లక్షలుగా లెక్కకొచ్చి, పన్ను సుమారు 2.92 లక్షలు. అదే ఏప్రిల్‌లో అమ్మితే 2025-26 సూచీ 376 వర్తించి కొన్న ధర 47 లక్షలవుతుంది, పన్ను 2.60 లక్షలు. సెస్సు పక్కన పెడితే, పది రోజులు ఆగినందుకు సుమారు 32,000 రూపాయలు మిగులు. ధర మూడింతలైన ఇంటికి ఈ లెక్క పనికిరాదు, అక్కడ 12.5 శాతమే చవక.

అసలు తేడా మరో చోట ఉంది. అమ్మిన లాభంతో ఇంకో ఇల్లు కొంటే పన్ను పడదు. అమ్మడానికి ఏడాది ముందు నుంచి రెండేళ్ల తర్వాత దాకా కొనొచ్చు, కట్టుకుంటే మూడేళ్లు. అందరూ సెక్షన్ 54 అనే నియమం ఇదే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి గానీ పద్ధతి అలాగే ఉంది. చాలామందికి తెలియనిది ఏమిటంటే, రిటర్ను గడువులోపు కొత్త ఇంటికి వాడని లాభాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మార్చి 28న అమ్మితే ఆ గడువు వచ్చే జూలై 31, చేతిలో నాలుగు నెలలే. ఏప్రిల్ 6న అమ్మితే ఆ పై ఏడాది జూలై 31. దాదాపు పదహారు నెలలు మీ డబ్బు మీ ఖాతాలోనే ఉంటుంది, నచ్చిన ఇల్లు నిదానంగా వెతుక్కోవచ్చు. ఇంకో ఇల్లు కొనాలనుకునేవాళ్లు మార్చి ఆఖరు వారం రిజిస్ట్రేషన్‌ను ఏప్రిల్‌కు జరపడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. ఆడిటరు చెప్పిన మాట ఇదే.

ఇల్లు కొనకుండా, పన్ను మినహాయింపు కోసం ప్రభుత్వం గుర్తించిన బాండ్లలో పెట్టేవాళ్లకు మాత్రం ఈ తేడా వర్తించదు. రిజిస్ట్రేషన్ రోజు నుంచి ఆరు నెలల్లో, 50 లక్షల లోపు పెట్టాలి, ఏ నెలలో అమ్మినా అంతే. రెండు ఆర్థిక సంవత్సరాల్లో చెరో 50 లక్షలు పెట్టొచ్చని పాతకాలంలో ఒక కిటుకు ఉండేది, దాన్ని చట్టం ఎప్పుడో మూసేసింది. ఇప్పటికీ అది చెప్పే సలహాదారులున్నారు, జాగ్రత్త.

పన్ను కట్టేద్దామనుకునేవాళ్లకు ఏప్రిల్‌లో అమ్మితే జూన్ 15 నుంచి అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదాలు మొదలవుతాయి. వ్యాపార ఆదాయం లేని 60 ఏళ్లు దాటినవాళ్లకు ఆ తలనొప్పి లేదు. రిటర్నుతో పాటు కట్టొచ్చు.

ప్రభుత్వ ధరలు మారే ముందు

మార్కెట్ వాల్యూలు, అంటే రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టే ధరలు, పెరుగుతాయన్న వార్త వస్తే సీజన్ లెక్కలన్నీ పక్కకు పోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1న ధరలు మారినప్పుడు, జనవరి ఆఖరు రోజుల్లో రిజిస్ట్రేషన్ ఆఫీసులు కిక్కిరిసిపోయాయి. తెలంగాణలో 2021 జూలై 22న, మళ్లీ ఆరు నెలలకే 2022 ఫిబ్రవరి 1న మారాయి. రెండు రాష్ట్రాల్లోనూ కొనేవాళ్లు స్టాంపు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం దాకా కడతారు కాబట్టి ధర పెరిగేలోపు ముగించాలన్న తొందర వాళ్లది. ఆ తొందరే మీకు బేరంలో బలం. అమ్మేవాళ్లకూ ఒక ప్రమాదం ఉంది. ప్రభుత్వ విలువ మీ అమ్మకం ధరకంటే పది శాతం మించి ఎక్కువైతే, పన్ను శాఖ ప్రభుత్వ విలువకే అమ్మినట్టు లెక్కిస్తుంది. పెంపుదల మాట వినబడుతుంటే అగ్రిమెంట్ రాసుకుని, బయానాలో కొంతైనా బ్యాంకు ద్వారానే తీసుకోండి. అలా ఉంటే అగ్రిమెంట్ నాటి విలువను చూపించుకునే వీలుంది. 20,000 రూపాయలు, అంతకు మించి బయానా నగదుగా తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంతా జరిమానాగా పడొచ్చు.

ధనుర్మాసం ఎవరికి?

విదేశాల్లో ఉన్నవాళ్లు ఇండియాకు వచ్చేది రెండు సార్లు, క్రిస్మస్ సెలవుల్లో, లేదా జూన్-జూలై వేసవి సెలవుల్లో. చిత్రమేమిటంటే ఆ రెండూ మన పంచాంగంలో ధనుర్మాసం, ఆషాఢం మీదే పడతాయి. మూడు వారాల సెలవులో ఇల్లు చూపించి, బేరం తెంచి, రిజిస్ట్రేషన్ చేసి వెళ్దామనుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. వచ్చినప్పుడు కొనేవాళ్లతో ముఖాముఖి మాట్లాడి అగ్రిమెంట్ చేసుకుని, నమ్మకమైన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి వెళ్లి, మాఘంలోనో శ్రావణంలోనో రిజిస్ట్రేషన్ చేయించడం మంచి దారి. పవర్ విదేశంలో రాసి పంపితే అది ఇండియాకు చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించాలి.

ఎన్నారై అమ్మకంలో ఇంకో ఆలస్యం పన్నుతో వస్తుంది. ఇక్కడుండేవాళ్లు 50 లక్షలు, ఆపైన అమ్మితే కొనేవాడు ఒక్క శాతం టీడీఎస్, అంటే మీ పన్ను కింద ముందే, పట్టుకుంటాడు. ఎన్నారై అయితే 12.5 శాతం, దాని మీద సర్‌చార్జీ, సెస్సు పడతాయి. అసలు లాభం తక్కువని తక్కువ టీడీఎస్‌కు సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, దానికి వారాలు పడుతుంది. కాబట్టి అగ్రిమెంట్ కాగానే దరఖాస్తు పెట్టాలి. డబ్బు బయటికి పంపడానికి ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఇండియాలో వచ్చిన డబ్బు కోసం ఎన్నారైలు ఇక్కడ ఉంచే ఖాతా) నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్లు హద్దు. పెద్ద ఆస్తి అమ్మేవాళ్లకు ఫిబ్రవరి-మార్చి రిజిస్ట్రేషన్ ఇక్కడ పనికొస్తుంది. మార్చిలో ఒక విడత, ఏప్రిల్‌లో ఇంకో విడత పంపొచ్చు.

రెండో రకం, ఊళ్లో తాతల నాటి ఇల్లు. కోనసీమలోనో పల్నాడులోనో పెంకుటిల్లు అమ్మాలంటే కొనేవాడు దొరకడం కంటే కష్టం అందరి సంతకాలు. 2005 సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు ఉంది. "చెల్లెళ్లు అడగరులే" అనుకుని అమ్మిన ఇంటికి బ్యాంకు లీగల్ ఒపీనియన్ ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఒకేచోట కనబడేది సంక్రాంతికే. పుష్యమైనా సరే, భోగి మర్నాడు అరుగు మీద కూర్చుని ఎవరికి ఎంతో తేల్చుకుని, ఆధార్ జిరాక్సులు, చనిపోయినవాళ్ల ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వివరాలు అన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. కనుమ దాటితే మళ్లీ ఏడాది.

ఆగితే ఎంత పోతుంది?

సీజన్ కోసం ఆగడం ఊరికే రాదు. 80 లక్షల ఇల్లు ఖాళీగా తాళం వేసి ఉంటే, ఆ డబ్బుకు ఏడు శాతం వడ్డీ లెక్కన నెలకు 46,000 పైనే పోతున్నట్టు. దానికి మెయింటెనెన్స్ కలపండి. మూడు నెలలు ఆగితే లక్షన్నర. సీజన్‌లో అంతకంటే ఎక్కువ వస్తుందనిపిస్తేనే ఆగాలి. అద్దెకున్న ఇల్లైతే ఆగడం తేలికే. లోన్ ఉన్న ఖాళీ ఇల్లైతే ఆగడానికి అర్థం లేదు.

నన్నడిగితే, ఫ్లాటు అమ్మి ఇంకో ఇల్లు కొనేవాళ్లు ఫిబ్రవరిలో చూపించి, ఏప్రిల్ మొదటి పక్షంలో రిజిస్ట్రేషన్ పెట్టుకోవాలి. స్కూలు తొందర ఉన్నవాళ్లూ దొరుకుతారు, పన్ను గడువూ కలిసొస్తుంది. ఇండిపెండెంట్ ఇల్లు, పాత ఇల్లు భాద్రపదంలో బాగుచేయించి కార్తీకంలో అమ్మాలి. అర్జెంటుగా డబ్బు కావాల్సినవాళ్లు ఏ నెలా చూడక్కర్లేదు, రేటు ఒక మెట్టు దిగి ఈరోజే పెట్టేయాలి. ఇక ఆషాఢంలో ఎవరైనా బ్యాంకు శాంక్షన్ లెటర్ చేతిలో పట్టుకుని వస్తే "శ్రావణంలో రండి" అని పంపేయకండి. ఆ రోజే అగ్రిమెంట్ మాట్లాడుకుని, అందులో రిజిస్ట్రేషన్ తేదీ దగ్గర శ్రావణ శుక్రవారం రాయించుకోండి.